మేక వెన్నుపాములో నాడీకణాన్ని చూడటం ఎలా: మటన్ కొట్టు నుంచి రికార్డు బొమ్మ దాకా

ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడితే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు డిగ్రీ విద్యార్థులు ఒకే ఫిర్యాదు మోసుకొస్తారు. "సార్, స్లైడు చేశాను, రంగు వేశాను. నీలం మరకలు తప్ప నాడీకణం కనిపించడం లేదు." వాళ్ల స్లైడు తీసి చూస్తే పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు మైక్రోస్కోపు దగ్గర జరిగి ఉండదు. కణజాలం ఏ పూట తెచ్చారు, వెన్నుపాములో ఏ మూల నుంచి తీశారు, ఎంత ముక్క తీశారు అనే మూడింటిలోనే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో లెన్సు కన్నా మటన్ కొట్టు గురించి ఎక్కువ చెబుతాను.

దీనికోసం కప్పను కోయవలసిన పని లేదు. జువాలజీ కోర్సుల్లో జంతువుల డిసెక్షన్ ఆపాలని యూజీసీ 2014లోనే చెప్పింది. మనకు కావలసినవి మాంసం కొట్లలో రోజూ దొరికేవే: మేక లేదా గొర్రె వెన్నుపాము, కోడి తొడలోని నరం.

1. ముందు తేల్చుకోవలసింది: ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు

కాలేజీ మైక్రోస్కోపులో 40 రెట్ల ఆబ్జెక్టివ్ పెడితే, సుమారు అర మైక్రోమీటరు ఎడంగా ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. అంతకన్నా దగ్గరగా ఉంటే కలిసిపోతాయి. సినాప్స్‌లో, అంటే ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతం అందించే చోట, రెండు నాడీకణాల మధ్య ఉండే సందు 20 నుంచి 40 నానోమీటర్లే. అంటే మన లెన్సుకు అందే దూరంలో పదో వంతు కూడా లేదు. కాబట్టి "సినాప్స్ గమనించాను" అని రికార్డులో రాసిన విద్యార్థి దాన్ని పుస్తకంలో చూశాడు తప్ప స్లైడులో కాదు.

మనం చేయబోయే స్లైడులో కనిపించేవి:

- కణదేహం, దాని కోణాల ఆకారం
- లేత రంగు కేంద్రకం, అందులో ముదురు కేంద్రకాంశం
- కణద్రవ్యంలో నీలం మచ్చల్లా నిస్సల్ కణికలు
- డెండ్రైట్ల (కణదేహం నుంచి సాగే పొట్టి కొమ్మల) మొదళ్లు, కొంత దూరం వరకు
- చుట్టూ గ్లియల్ కణాల (నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల) కేంద్రకాలు

కనిపించనివి: సినాప్స్, దాని దగ్గరి సూక్ష్మ కోశాలు, న్యూరోఫిలమెంట్లు (కణం లోపలి సన్నటి ప్రోటీన్ పోగులు), ఆక్సాన్ (కణదేహం నుంచి సాగే ఒకే ఒక్క పొడవాటి పోగు) పూర్తి పొడవు, దాని చుట్టూ ఉండే మయలిన్ అనే కొవ్వు తొడుగులోని ఒక్కొక్క పొర. మేక నడుము దగ్గరి మోటార్ నాడీకణం ఆక్సాన్ వెనుక కాలి కండరం దాకా పోతుంది, జానెడు కన్నా ఎంతో పొడవు. దాని కణదేహం మాత్రం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ రెండూ ఒకే స్లైడులో ఇమడవు.

2. సిద్ధం చేసుకోవలసిన సామాను

- కొత్త స్లైడులు 8, కవర్ స్లిప్పులు
- కొత్త షేవింగ్ బ్లేడు, చిన్న ఫోర్సెప్స్, గుచ్చే సూదులు 2, పళ్లు కుట్టుకునే పుల్లలు
- మిథిలీన్ బ్లూ 1 శాతం ద్రావణం
- రెక్టిఫైడ్ స్పిరిట్, మూత ఉన్న చిన్న గాజు పాత్రలో
- డిస్టిల్డ్ వాటర్, డ్రాపర్, ఫిల్టర్ పేపరు
- గ్లిజరిన్
- గ్లవ్స్, పాత చొక్కా
- మంచు ముక్కలు వేసిన డబ్బా

రంగు తయారీ: 10 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 0.1 గ్రాము మిథిలీన్ బ్లూ పొడి. బాగా కలిపి, ఫిల్టర్ పేపరు గుండా వడపోయాలి. ఈ వడపోత దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. కరగని పొడి రేణువులు స్లైడు మీద గట్టి నీలం చుక్కలై కూర్చుంటాయి, వాటిని కేంద్రకాలని అనుకుంటారు.

చేపల తొట్ల కొట్లలో దొరికే మిథిలీన్ బ్లూ పనికివస్తుందా అని అడుగుతుంటారు. దాని గాఢత సీసా సీసాకూ మారుతుంది. ల్యాబులో పొడి దొరకకపోతేనే దాన్ని వాడండి, రంగులో ఉంచే సమయం పెంచుకుంటూ పోయి పరీక్షించుకోండి.

నీటి విషయంలో మన ప్రాంతంవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. నల్లగొండ బోరు నీటితో స్లైడు కడిగి ఆరబెడితే, కరిగి ఉన్న లవణాలు తెల్లటి పొరలా, మెరిసే ముక్కల్లా మిగిలిపోతాయి. ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొంటే నెల రోజులు సరిపోతుంది. యాసిడ్ సీసా కాదు, నీళ్ల సీసానే అని చీటీ చదివి తీసుకోండి.

3. వెన్నుపాము తేవడం

మొదటిసారి ఈ స్లైడు చేసినప్పుడు నేను పాలమూరు ఎండల్లో, మే నెలలో, ఉదయం ఏడింటికి కొన్న వెన్నుపామును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మధ్యాహ్నం రెండింటికి స్లైడు చేశాను. లెన్సు కింద కణాల ఆనవాళ్లు ఉన్నాయి గానీ అంచులు కరిగిపోయాయి, కేంద్రకాలు మసకబారాయి, నిస్సల్ కణికల జాడే లేదు. రంగు పాతదేమోనని రెండు రోజులు రంగును అనుమానించాను. అసలు తప్పు సంచిది. ప్రాణం పోయాక నాడీకణం తనలోని ఎంజైములతోనే తాను కరగడం మొదలుపెడుతుంది, వేడి దానికి తోడైతే ఇంకా తొందరగా.

కాబట్టి:

(అ) తెల్లవారుజామునే వెళ్లండి. కోసిన తరువాత రెండు మూడు గంటల్లో స్లైడు మీదికి చేరాలి.

(ఆ) వెన్నెముకను చీల్చకముందే అడగండి. కొట్టులో మామూలుగా మొద్దు మీద పెట్టి దాన్ని నిలువునా రెండుగా నరుకుతారు. ఆ దెబ్బకు లోపలి తెల్లటి తాడు చితికిపోతుంది. "అన్నా, నడుము దగ్గరి పూసలు నాలుగు చీల్చకుండా ఇవ్వండి, కాలేజీలో ప్రయోగానికి" అంటే చాలు. తూకం వేసి మటన్ ధరే తీసుకుంటారు, బేరమాడకండి.

(ఇ) చోటు ముఖ్యం. వెనుక కాళ్ల నరాలు బయల్దేరే నడుము భాగం, ముందు కాళ్ల నరాలు బయల్దేరే మెడ మొదలు, ఈ రెండు చోట్ల వెన్నుపాము ఉబ్బి ఉంటుంది. కాళ్ల కండరాలను ఆడించే పెద్ద మోటార్ నాడీకణాలు అక్కడ కుప్పలుగా ఉంటాయి. పక్కటెముకల మధ్య భాగంలో అవి తక్కువ. అక్కడి ముక్క తెచ్చి రోజంతా వెతికినవాళ్లను చూశాను.

(ఈ) మంచు డబ్బాలో పెట్టండి, కానీ మంచుకు తగలకుండా మధ్యలో గుడ్డ ఉండాలి. ఫ్రీజరులో అసలు వద్దు. గడ్డకడితే లోపల మంచు పలుకులు ఏర్పడి కణాలను చీల్చేస్తాయి.

(ఉ) ఫార్మాలిన్‌లో వేయకండి. ఫార్మాలిన్‌లో గట్టిపడిన కణజాలం స్లైడు మీద పరుచుకోదు, రవ్వలా రాలుతుంది. అది పలుచని కోతలు కోసే పద్ధతికి పనికివచ్చేది, మన పద్ధతికి కాదు.

జబ్బుచేసి చచ్చిన జంతువు మెదడు, వెన్నుపాము ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. రేబిస్ వంటి వ్యాధుల క్రిములు నాడీ కణజాలంలోనే కాపురముంటాయి. ఆరోగ్యంగా ఉన్న జంతువుదైనా గ్లవ్స్ లేకుండా పని మొదలుపెట్టకండి.

4. వెన్నుపామును బయటికి తీసి అడ్డంగా కోయడం

పూసల్లోంచి వెన్నుపామును బయటికి తీసేటప్పుడు వెన్ను కాలువ మధ్యలోంచి కాకుండా, కాస్త పక్కకు జరిపి ఎముకను పగలగొట్టాలి. ఒక వైపు గోడ ఊడితే లోపలి తాడు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. పక్కలకు పోయే నరాల వేళ్లను బ్లేడుతో తెంపి, తాడును ఫోర్సెప్స్‌తో పొర అంచు పట్టుకుని ఎత్తాలి. తాడునే పట్టుకుని లాగితే వెన్నలా నలిగిపోతుంది.

బయటి మందపాటి పొర వరాశిక. దాన్ని నిలువునా కత్తిరించి ఒలిచేయండి. లోపలి లౌతికళ, మృద్వి పలుచగా అంటుకుని ఉంటాయి, వాటి జోలికి వెళ్లనవసరం లేదు.

ఇప్పుడు కొత్త బ్లేడుతో ఒకే లాగుడులో అడ్డంగా కోయండి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే కోసిన ముఖం పేస్టులా మారుతుంది. కోసిన బిళ్లను నల్ల కాగితం మీద పెట్టిన గాజు పలక మీద ఉంచి, పక్క నుంచి ఫోను టార్చి వేయండి. మధ్యలో సీతాకోకచిలుక ఆకారంలో కాస్త గులాబీ ఛాయ ఉన్న బూడిదరంగు పదార్థం, చుట్టూ పాలమీగడ రంగులో తెల్లని పదార్థం కనిపిస్తాయి. పుస్తకంలో గీసినంత స్పష్టంగా గీతలు ఉండవు, కంగారు పడకండి.

ఉదర శృంగాన్ని, అంటే ఆ సీతాకోకచిలుక రెక్కల్లో పొట్ట వైపు ఉన్నదాన్ని, గుర్తుపట్టడం ఇక్కడి కీలకం. మూడు ఆనవాళ్లు చూడండి:

- బిళ్ల ఒక వైపు లోతైన చీలిక ఉంటుంది. అదే ఉదర వైపు. ఎదురు వైపు గాడి మాత్రమే ఉంటుంది.
- ఆ చీలిక దగ్గర సన్నటి రక్తనాళం పొడవునా పోతూ కనిపిస్తుంది.
- ఉదర శృంగాలు వెడల్పుగా, మొద్దుగా ఉండి అంచుకు చేరకుండా ఆగిపోతాయి. వీపు వైపు ఉండే పృష్ఠ శృంగాలు సన్నగా అంచు దాకా సాగుతాయి.

పెద్ద మోటార్ నాడీకణాలు ఉదర శృంగంలోనే ఉంటాయి. పృష్ఠ శృంగంలోవి చిన్నవి. తెల్లని పదార్థంలో ఉన్నవి ఆక్సాన్లు, వాటి మయలిన్ తొడుగులు, గ్లియల్ కణాలు. నాడీకణ దేహాల కోసం అక్కడ వెతకడం దండగ.

5. స్మియర్ వేయడం

స్మియర్ అంటే కణజాలాన్ని స్లైడు మీద పలుచగా పరచడం. పుల్ల మొనతో ఉదర శృంగం నుంచి ఆవగింజ అంత మాత్రమే తీయండి. ఆవగింజ అంటే ఆవగింజే. శనగగింజ అంత తీసి "ఎక్కువ ఉంటే ఎక్కువ కణాలు దొరుకుతాయి కదా" అంటారు. ఎక్కువ ఉంటే మందంగా ఉంటుంది, మందంగా ఉంటే వెలుతురు దాటదు.

(అ) దాన్ని స్లైడు ఒక చివర నుంచి మూడో వంతు దూరంలో పెట్టండి.

(ఆ) రెండో స్లైడును దాని మీద బోర్లించి, బొటనవేలితో మెల్లగా నొక్కి, మూడు అంకెలు లెక్కపెట్టండి.

(ఇ) నొక్కుడు తగ్గించి, రెండు స్లైడులను పొడవునా ఎదురెదురుగా జార్చి విడదీయండి. పైకి ఎత్తి విడదీస్తే కణాలు చిరుగుతాయి. అడ్డదిడ్డంగా రుద్దితే డెండ్రైట్లు తెగి కణదేహాలు గుండ్రటి ముద్దలుగా మిగులుతాయి.

(ఈ) స్లైడును దినపత్రిక మీద పెట్టి చూడండి. స్మియర్ గుండా అక్షరాలు చదవగలిగితే సరే. మసకగా ఉంటే ఇంకో స్లైడు వేయండి.

(ఉ) గాలికి ఆరనివ్వండి. తడి మెరుపు పోగానే, అంటే రెండు మూడు నిమిషాల్లో, స్పిరిట్‌లో వేయాలి. మన ఎండాకాలంలో ఫ్యాను కింద పెడితే మరీ ఎండిపోయి పగుళ్లు వస్తాయి, ఫ్యాను ఆపేయండి.

ఒకటి కాదు, ఆరు స్లైడులు వేయండి. మూడు ఉదర శృంగం నుంచి, రెండు పృష్ఠ శృంగం నుంచి, ఒకటి తెల్లని పదార్థం నుంచి. చివరి మూడూ పోలికకు. పెద్ద కణాలు మొదటి మూడింటిలో కనిపించి మిగతా వాటిలో లేకపోతే, మీరు చూస్తున్నది రంగు మరక కాదు నాడీకణమే అని మీకు మీరే రుజువు చేసుకున్నట్టు.

స్లైడు చివర గుర్తులు పెన్సిలుతో రాయండి. స్కెచ్ పెన్ను గుర్తు స్పిరిట్‌లో కడుక్కుపోతుంది, ఆ తరువాత ఏది ఏదో దేవుడికే తెలియాలి.

6. రంగు వేయడం

మిథిలీన్ బ్లూ క్షార స్వభావం ఉన్న రంగు. కేంద్రకంలోని డీఎన్ఏ, నిస్సల్ కణికల్లో గరుకు అంతర్జీవ ద్రవ్యజాలానికి అంటుకుని ఉన్న రైబోసోముల ఆర్ఎన్ఏ దాన్ని పట్టుకుంటాయి. అందుకే ప్రోటీన్లు విపరీతంగా తయారుచేసే మోటార్ నాడీకణం ఇంత బాగా నీలమవుతుంది, రైబోసోములు దాదాపు లేని ఆక్సాన్ రంగులేకుండా మిగులుతుంది.

- స్పిరిట్‌లో 5 నిమిషాలు
- తీసి నిలబెట్టి, స్పిరిట్ ఆరనివ్వాలి. దగ్గర్లో మంట ఉండకూడదు.
- మిథిలీన్ బ్లూ చుక్కలతో స్మియర్ మొత్తం కప్పి 8 నిమిషాలు
- డ్రాపరుతో డిస్టిల్డ్ వాటర్ స్లైడు అంచున వదలాలి, స్మియర్ మీద నేరుగా కాదు
- ఇంకా ముదురుగా ఉంటే స్పిరిట్‌లో ఒక్క ముంపు, వెంటనే నీళ్లు
- వెనుక వైపు తుడిచి, ముందు వైపు గాలికి ఆరబెట్టాలి
- ఒక చుక్క గ్లిజరిన్, దాని మీద కవర్ స్లిప్పును ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చాలి

రంగులో ఎంతసేపు ఉంచాలన్నది మీ రంగు, మీ ఎండ, మీ స్మియర్ మందం మీద ఆధారపడుతుంది. మొదటి స్లైడును 5 నిమిషాలకు, రెండోదాన్ని 8కి, మూడోదాన్ని 12కి తీసి పోల్చుకోండి. అప్పటి నుంచి మీ ల్యాబుకు మీ లెక్క మీకు ఉంటుంది.

7. లెన్సు కింద వెతకడం

అద్దం ఉన్న మైక్రోస్కోపు అయితే కిటికీ వైపు ఆకాశపు వెలుతురు తీసుకోండి. సూర్యుడి వైపు అద్దం తిప్పితే కన్ను దెబ్బతింటుంది.

మొదట 4 రెట్ల ఆబ్జెక్టివ్‌తో స్మియర్‌లో పలుచని చోట్లు గుర్తుపెట్టుకోండి. తరువాత 10 రెట్లకు మారి, పొలం దున్నినట్టు ఒక చివర నుంచి ఇంకో చివరకు వరసలుగా జరపండి. లేత నీలం నేల మీద లెక్కలేనన్ని చిన్న ముదురు చుక్కలు కనిపిస్తాయి. అవి గ్లియల్ కణాల కేంద్రకాలు. చాలామంది వీటినే నాడీకణాలని గీస్తారు. వెన్నుపాములో గ్లియల్ కణాలదే పైచేయి. అందుకే చుక్కలు అన్ని. మెదడు మొత్తం మీద అవి నాడీకణాలకు పదిరెట్లు అనే పాత మాట మాత్రం నిలబడలేదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటే, గ్లియల్ కణాలూ దాదాపు అంతే.

ఆ చుక్కల మధ్య ఎక్కడో ఒకచోట, వాటికి ఎన్నో రెట్లు పెద్దదిగా, మూలలు సాగిన నీలం ముద్ద ఒకటి ఎదురవుతుంది. దాన్ని సరిగ్గా నడిమికి తెచ్చి 40 రెట్లకు మారండి. ఫైన్ స్క్రూ మాత్రమే తిప్పండి.

ఇప్పుడు తొందరపడకుండా చూడండి. వేళ్లతో సహా పీకిన గడ్డి దుబ్బులా నాలుగైదు వైపులకు కొసలు సాగి ఉంటాయి. నడుమ గుండ్రంగా లేత రంగు కేంద్రకం, అందులో పళ్లెంలో పెట్టిన మినపగింజలా ఒకే ఒక్క ముదురు కేంద్రకాంశం. కేంద్రకం చుట్టూ కణద్రవ్యమంతా జొన్నరొట్టె మీద కాలిన మచ్చల్లా నీలం మచ్చలు. అవే నిస్సల్ కణికలు. ఫైన్ స్క్రూను వెంట్రుకవాసి అటూ ఇటూ ఆడిస్తే కొన్ని మచ్చలు మునిగి మరికొన్ని తేలుతాయి. కణానికి మందం ఉందని అప్పుడు తెలుస్తుంది.

ఇక ఆక్సాన్. మచ్చలు ఏ కొసల్లోకి కొంత దూరం పాకాయో అవి డెండ్రైట్లు. ఏ కొస మొదట్లో శంకువు ఆకారంలో మచ్చలు లేని తేటదనం ఉందో అది ఆక్సాన్ హిల్లాక్, అక్కడి నుంచి సాగేది ఆక్సాన్. స్మియర్‌లో అది తరచూ తెగిపోతుంది. తేటగా ఉన్న కొస కనిపించకపోతే ఆక్సాన్ అని పేరు రాయకండి. నా అనుభవంలో ఒక స్లైడులో పది మంచి కణాలు దొరికితే అందులో ఆక్సాన్ మొదలు తేలికగా కనిపించేది ఒకటి రెండింటికే.

గ్లియల్ కణాల శరీరాలు ఈ రంగుకు కనిపించవు, కేంద్రకాలే కనిపిస్తాయి. వాటి మధ్య తేడాలు ఇలా ఉంటాయి: కాస్త పెద్దగా, లేతగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఆస్ట్రోసైటు కావచ్చు. చిన్నగా, గుండ్రంగా, ముదురుగా ఉంటే ఆలిగోడెండ్రోసైటు. సన్నగా, పొడుగ్గా, వంకరగా ఉంటే మైక్రోగ్లియా. రికార్డులో "కావచ్చు" అనే మాటతోనే రాయండి.

8. కణాన్ని కొలవడం

ఎగ్జామినరు ఇష్టపడే పని, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును 4 రెట్ల ఆబ్జెక్టివ్ కింద పెట్టి, కనిపించే వృత్తం అడ్డకొలత ఎన్ని మిల్లీమీటర్లో లెక్కపెట్టండి. 4.5 వచ్చిందనుకుందాం. 40 రెట్ల దగ్గర అది పదో వంతు, అంటే 0.45 మిల్లీమీటరు, 450 మైక్రోమీటర్లు. మీ కణదేహం వృత్తంలో ఎనిమిదో వంతు ఆక్రమిస్తే 450ని 8తో భాగించాలి. సుమారు 56 మైక్రోమీటర్లు.

ఎర్రరక్తకణాన్ని కొలబద్దగా వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. మనిషి ఎర్రకణం 7 నుంచి 8 మైక్రోమీటర్లు ఉంటుంది గానీ మేకది చాలా చిన్నది, 4 మైక్రోమీటర్లకు లోపే. ఆ తేడా మరచిపోతే మీ నాడీకణం రెట్టింపు సైజు అవుతుంది.

9. స్లైడు చెడితే కారణం ఎక్కడ

అంతా ముదురు నీలం: స్మియర్ మందం, లేదా రంగు ఎక్కువసేపు. స్పిరిట్‌లో ఒక్కో ముంపుగా తేల్చి చూడండి. అప్పటికీ తేలకపోతే మందమే కారణం, కొత్త స్లైడు వేయండి.

కణాలు ఉన్నాయి, కేంద్రకం లేదు, అంచులు మసక: కణజాలం పాతబడింది. దీనికి మందు లేదు. రేపు ఉదయం మళ్లీ కొట్టుకు వెళ్లాలి.

చిన్న చుక్కలే, పెద్ద కణాలు లేవు: తెల్లని పదార్థం నుంచో పృష్ఠ శృంగం నుంచో తీశారు. బిళ్లను తిప్పి లోతైన చీలిక వైపు మళ్లీ చూడండి.

జిడ్డు చుక్కలు, మెరిసే వలయాలు: మయలిన్ కొవ్వు. స్పిరిట్‌లో సమయం చాలలేదు, లేదా తెల్లని పదార్థం కలిసింది.

గట్టి నల్లని అంచు ఉన్న ఖచ్చితమైన వలయం: గాలి బుడగ. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దీనికి బాణం గీసి "కేంద్రకం" అని రాస్తారు.

10 రెట్లలో కనిపించింది, 40లో మాయమైంది: కణాన్ని నడిమికి తేలేదు, లేదా స్లైడు తలకిందులుగా పెట్టారు. కవర్ స్లిప్పు పైకి ఉందో లేదో చూడండి.

10. కోడి తొడ నరంలో మయలిన్, రాన్వియర్ కణుపులు

వెన్నుపాము స్మియర్‌లో కణుపులు కనిపించవు. వాటికి నరాన్ని పీచుగా విప్పాలి. చికెన్ కొట్టులో ముక్కలు కొట్టని తొడ తీసుకోండి. వెనుక వైపు కండరాలను వేళ్లతో విడదీస్తే వాటి మధ్య తెల్లటి, మెరిసే తాడు కనిపిస్తుంది. లాగితే రబ్బరులా సాగేది రక్తనాళం, సాగనిది నరం.

ఒక సెంటీమీటరు కత్తిరించి స్లైడు మీద నార్మల్ సెలైన్ (0.9 శాతం ఉప్పునీరు) చుక్కలో పెట్టండి. మామూలు నీళ్లు పోస్తే మయలిన్ ఉబ్బి ఆకారం మారుతుంది. బయటి పొరను సూదితో చీల్చి, వెంట్రుక అంత సన్నటి కట్టను లాగి, మిగతాది పారేయండి. ఆ కట్టను ఒక చివర రెండు సూదులతో, చిక్కుపడ్డ జడ విప్పినట్టు, ఓపికగా విడదీయండి. ఒక చుక్క పలుచని మిథిలీన్ బ్లూ, ఐదు నిమిషాలు, కవర్ స్లిప్పు. వెలుతురు డయాఫ్రమ్‌ను బాగా మూయండి. తెరిచి ఉంచితే మయలిన్ వెలుతురులో కలిసిపోతుంది.

ఒక్కో తంతువు రెండు మెరిసే అంచులున్న గొట్టంలా ఉంటుంది. ఆ అంచులే మయలిన్, మధ్యది ఆక్సాన్. రెండు అంచులూ ఒకేచోట ఆగి, గొట్టం సన్నబడి, మళ్లీ మొదలైతే అది రాన్వియర్ కణుపు. లావు తంతువుల్లో కణుపుకూ కణుపుకూ మధ్య దూరం ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. 40 రెట్లలో మీకు కనిపించే వృత్తం 0.45 మిల్లీమీటరే కదా, ఒకేచోట చూస్తూ కూర్చుంటే కణుపు రాదు. 10 రెట్లతో ఒకే తంతువు వెంబడి నడవాలి.

ఇక్కడ రెండు మోసాలు ఉన్నాయి. మయలిన్‌లో ఏటవాలు గీతలు కనిపిస్తే అవి కణుపులు కావు, ష్మిట్-లాంటర్‌మన్ చీలికలు. కణుపు తంతువుకు అడ్డంగా ఉంటుంది, చీలిక వాలుగా ఉంటుంది. రెండోది: కోడిగుడ్డు ఆకారంలో, నడుమ కేంద్రకం ఉన్న కణాలు గుంపులుగా కనిపిస్తే సంబరపడకండి, అవి కోడి ఎర్రరక్తకణాలు. పక్షుల్లో వాటికి కేంద్రకం ఉంటుంది. మయలిన్‌ను చుట్టే ష్వాన్ కణం కేంద్రకం తంతువు అంచుకు అతుక్కుని, దాని వెంబడి సాగి ఉంటుంది, రెండు కణుపుల మధ్య ఒక్కటే.

11. పరీక్షలో పెట్టే శాశ్వత స్లైడులను గుర్తించే వరుస

రంగును బట్టి గుర్తించకండి. ఒకే కణజాలం ఒక రంగుకు గులాబీ, ఇంకో రంగుకు నీలం, వెండి పద్ధతిలో నలుపు. తక్కువ రెట్లలో మొత్తం ఆకారం చూసి, తరువాతే లోపలికి వెళ్లండి.

- సీతాకోకచిలుక, మధ్యలో చిన్న కాలువ: వెన్నుపాము.
- ఆకుల్లా మడతలు, ప్రతి మడతలో మూడు పొరలు: అనుమస్తిష్కం. పైన కణాలు తక్కువున్న పొర, మధ్యలో ఒకే వరుసలో సీసా ఆకారపు పుర్కింజి కణాలు, కింద కిక్కిరిసిన కణికామయ పొర.
- పొరలు చుట్టిన కట్టలు, ఒక్కో కట్టలో వందల వలయాలు, ప్రతి వలయంలో చుక్క: నరం అడ్డుకోత.
- పెద్ద గుండ్రటి కణాలు, ఒక్కోదాని చుట్టూ చిన్న కేంద్రకాల దండ: వెన్నునాడి పృష్ఠ మూలంలోని నాడీసంధి. దండలోవి శాటిలైట్ కణాలు.

నరం అడ్డుకోతలో చుక్క చుట్టూ ఖాళీ ఎందుకు అని వైవాలో తప్పక అడుగుతారు. మామూలు హిమటాక్సిలిన్, ఇయోసిన్ పద్ధతిలో స్లైడు తయారుచేసేటప్పుడు వాడే ద్రావకాలు మయలిన్‌లోని కొవ్వును కరిగించేస్తాయి. చుక్క ఆక్సాన్, ఖాళీ మయలిన్ ఉన్న చోటు. కట్టల పొరల పేర్లు బయటి నుంచి లోపలికి: ఎపిన్యూరియం, పెరిన్యూరియం, ఎండోన్యూరియం.

12. రికార్డులో బొమ్మ

లెన్సు దగ్గర కూర్చునే గీయండి. ఇంటికెళ్లి గీస్తే చేయి పుస్తకం బొమ్మనే గీస్తుంది: పొడవైన ఆక్సాన్, పూసల దండలాంటి మయలిన్, చివర చెట్టు కొమ్మలు. మీ స్లైడులో అవేవీ లేవు. తెగిన కొసను తెగినట్టే గీయండి. పక్కన రాయవలసినవి: ఏ జంతువు, ఏ భాగం, ఏ రంగు, ఎన్ని రెట్లు, కణదేహం కొలత. 10 రెట్ల ఐపీసు, 40 రెట్ల ఆబ్జెక్టివ్ అయితే 400 రెట్లు అని రాయాలి, 40 అని కాదు.

13. పని అయ్యాక

మిగిలిన వెన్నుపాము, నరం, గ్లవ్స్, పుల్లలు ఒక సంచిలో మూటగట్టి, వీధి కుక్కలు లాగని చోట పూడ్చండి. బ్లేడును కాగితంలో చుట్టి విడిగా వేయండి. పలకలను బ్లీచింగ్ పొడి నీటిలో అరగంట నానబెట్టి కడగండి. చొక్కా మీద పడ్డ మిథిలీన్ బ్లూను స్పిరిట్ దూదితో వెంటనే అద్దితే కొంత పోతుంది. గోళ్ల సందుల్లో చేరింది మాత్రం రెండు రోజులు మీతోనే తిరుగుతుంది.